ఎలక్ట్రిక్ గిటార్ శ్రుతి నిర్ణయం: యథార్థమైన, నిలకడైన కొలతకు ఆధారాలు

వ్యాససంగ్రహం:
తీగ వాద్యాన్ని శ్రుతి చేయడం ఒకప్పుడు పూర్తిగా చెవి పని. నేడు ఆ పనిలో ఎక్కువ భాగాన్ని ట్యూనర్ అనే చిన్న పరికరం నిర్వహిస్తున్నది. అయితే ఒకే తీగను రెండుసార్లు మీటితే రెండు వేర్వేరు విలువలు కనిపించడం, చూస్తుండగానే ముల్లు అటూ ఇటూ ఊగడం వాదకులందరికీ తెలిసిన అనుభవమే. ఈ చాంచల్యానికి కారణాలు పరికరంలోనే కాక తీగలో, మీటులో, పికప్‌లో, వాద్యనిర్మాణంలో, పరిసరాల ఉష్ణోగ్రతలో కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆధారంగా తీసుకొని ఆ కారణాలను ఒక్కొక్కటిగా వివరించడం, విశ్వసనీయమైన కొలతకు తగిన పద్ధతిని సూచించడం, ధ్వనిని కొలిచే భాషా, జానపద పరిశోధకులకు దీనివల్ల కలిగే ప్రయోజనాన్ని తెలపడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: శ్రుతి, పౌనఃపున్యం, సెంటు, అనుస్వరాలు, తన్యత, పికప్, ట్యూనర్, సమవిభక్త స్వరసప్తకం.

1. ఉపోద్ఘాతం:
ఏ కొలతకైనా రెండు గుణాలు ఉండాలి. ఒకటి యథార్థత: కొలిచిన విలువ అసలు విలువకు దగ్గరగా ఉండడం. రెండవది నిలకడ: మళ్ళీ మళ్ళీ కొలిచినా అదే విలువ రావడం. ఈ రెండూ ఒకటి కావు. ఉదాహరణకు, ట్యూనర్ ఆధారస్వరాన్ని 440 హెర్ట్జ్‌కు బదులు ఎవరో 442కు మార్చి ఉంచారనుకుందాం. ఆ పరికరం చూపే ఫలితం ఎంతో నిలకడగా ఉండవచ్చు. కాని ప్రతి తీగా దాదాపు 8 సెంట్లు హెచ్చుగా శ్రుతి అవుతుంది. ఒంటరిగా వాయించే వ్యక్తికి ఆ దోషం తెలియదు. హార్మోనియమో, కీబోర్డో తోడైనప్పుడు బయటపడుతుంది. అందువల్ల ముల్లు కదలకుండా నిలిచినంత మాత్రాన శ్రుతి కుదిరిందని భావించరాదు.

2. కొలమానాలు:
సెకనుకు జరిగే కంపనాల సంఖ్య పౌనఃపున్యం. దాని ప్రమాణం హెర్ట్జ్. మధ్యస్థాయిలోని 'ఏ' స్వరానికి 440 హెర్ట్జ్ ఉండాలని 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సిఫారసు చేసింది. తరువాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దానిని స్వీకరించింది. ఈ ఆధారంతో గిటార్ ఆరు తీగల సాధారణ శ్రుతి కిందినుండి పైకి ఇలా ఉంటుంది: ఆరవ తీగ 'ఇ' 82.41, అయిదవది 'ఏ' 110.00, నాలుగవది 'డి' 146.83, మూడవది 'జి' 196.00, రెండవది 'బి' 246.94, మొదటిది 'ఇ' 329.63 హెర్ట్జ్.

అయితే చెవి పౌనఃపున్యాల భేదాన్ని కాక నిష్పత్తిని గ్రహిస్తుంది. అందుకే అలెగ్జాండర్ ఎల్లిస్ 19వ శతాబ్దిలో 'సెంటు' అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. షడ్జం నుండి పైస్థాయి షడ్జం వరకు ఉన్న అంతరాన్ని 1200 సమభాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక సెంటు. సమవిభక్త పద్ధతిలో పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య 100 సెంట్లు ఉంటాయి. ఆరవ తీగపై ఒక సెంటు అంటే కేవలం 0.048 హెర్ట్జ్, మొదటి తీగపై 0.19 హెర్ట్జ్. మందమైన తీగల విషయంలో ట్యూనర్ ఎందుకు ఎక్కువగా తడబడుతుందో ఈ సంఖ్యలే చెబుతున్నాయి. సెకనుకు 82 సార్లు కంపించే తీగలో ఒక సెంటు తేడా వస్తే, ఆ సెకను మొత్తానికి వచ్చే మార్పు ఒక కంపనంలో ఇరవయ్యో వంతు మాత్రమే.

3. తీగ స్వభావం, మీటులోని తేడా:
తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమంగా, తన్యత వర్గమూలానికి అనులోమంగా, రేఖీయ సాంద్రత వర్గమూలానికి విలోమంగా ఉంటుందని 17వ శతాబ్దిలో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ నిరూపించాడు. బిరడ తిప్పినప్పుడు మారేది తన్యత. తన్యత ఒక శాతం పెరిగితే శ్రుతి సుమారు 8.6 సెంట్లు హెచ్చుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాలి. బిరడను తాకకపోయినా, మీటడం వల్లనే తన్యత మారుతుంది.

ఫెండర్ గిటార్లలో సర్వసాధారణమైన 648 మిల్లీమీటర్ల తీగ పొడవును, 0.254 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు తీగను తీసుకుందాం. మొదటి తీగగా దానిని శ్రుతి చేసినప్పుడు తన్యత సుమారు 72 న్యూటన్లు. ఆ తీగను నడిమధ్యన 3 మిల్లీమీటర్లు పక్కకు లాగితే దాని పొడవు 0.028 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ కొద్దిపాటి సాగుదలకే తన్యత 0.6 శాతం, అంటే శ్రుతిలో 5 సెంట్ల మేరకు పెరుగుతుంది. కంపిస్తున్నంతసేపు సగటు పెరుగుదల ఇందులో దాదాపు సగం ఉంటుంది. లాగిన దూరం రెట్టింపయితే ఈ ప్రభావం నాలుగింతలవుతుంది. కనుక గట్టిగా మీటిన తీగ మొదట హెచ్చు శ్రుతిలో పలికి, కంపనం తగ్గేకొద్దీ అసలు శ్రుతికి దిగివస్తుంది. ట్యూనర్ ముల్లు మొదట కుడికి దూకి తరువాత వెనక్కు జారడం పరికరదోషం కాదు. తీగలో నిజంగా జరుగుతున్న మార్పునే అది చూపుతున్నది.

దీనినుండి రెండు నియమాలు ఏర్పడుతున్నాయి. మొదటిది, శ్రుతి చేసేటప్పుడు మృదువుగా, ప్రతిసారీ ఒకే బలంతో మీటాలి. రెండవది, మీటిన తొలిక్షణపు విలువను వదిలి, నాదం కుదుటపడిన తరువాతి విలువను తీసుకోవాలి. అయితే కచేరీలో ఎప్పుడూ బలంగా మీటే వాదకుడు ఆ బలానికి తగినట్లు శ్రుతి చేసుకోవడం కూడా సమంజసమే. శ్రుతి చేసే మీటు, వాయించే మీటు ఒకదానికొకటి మరీ దూరం కాకూడదు.

4. పికప్: అయస్కాంతం చేసే మేలు, కీడు:
ఎలక్ట్రిక్ గిటార్‌లో నాదాన్ని మొదట గ్రహించేది పికప్. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టగా ఏర్పడిన సాధనమిది. ఉక్కు తీగ దాని ఎదుట కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి మూలం. 1930ల ఆరంభంలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ల కృషితో ఈ సాధనం గల గిటార్ విపణిలోకి వచ్చింది. గాలిలోని ధ్వనిని కాక తీగ కంపనాన్నే నేరుగా గ్రహించడం దీని ప్రత్యేకత. అందుకే కేబుల్ ద్వారా ట్యూనర్‌కు కలిపిన గిటార్, చుట్టూ గోల ఉన్నా, స్పష్టమైన కొలతనిస్తుంది. ఫోన్ మైకుపై ఆధారపడే ట్యూనర్ యాప్‌కు ఈ సౌలభ్యం లేదు. వాద్యం తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కర్రలోని కంపనాన్ని గ్రహిస్తుంది; పక్కనే డ్రమ్ములు మోగుతుంటే ఆ అదురు కూడా దానికి చేరవచ్చు.

పికప్ వల్ల వచ్చే ఇబ్బందులు రెండు. మొదటిది విద్యుత్ రొద. మన దేశంలో విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఒంటిచుట్ట పికప్ ఆ రొదను, దాని గుణిజాలైన 100, 150, 200 హెర్ట్జ్ ధ్వనులను కూడా గ్రహిస్తుంది. 150 హెర్ట్జ్ నాలుగవ తీగ శ్రుతికి 37 సెంట్ల దూరంలోనూ, 200 హెర్ట్జ్ మూడవ తీగ శ్రుతికి 35 సెంట్ల దూరంలోనూ ఉన్నాయి. తీగ నాదం బలంగా ఉన్నంతసేపు దీనివల్ల హాని లేదు. నాదం సన్నగిల్లిన కొద్దీ రొదదే పైచేయి అయి ముల్లు అకారణంగా తిరుగుతుంది. 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ రూపొందించిన జంటచుట్ట పికప్ ఈ రొదను చాలావరకు రద్దు చేస్తుంది. ఒంటిచుట్ట పికప్ ఉన్న వాద్యాన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు, కంప్యూటర్ తెరలకు దూరంగా జరపడం, నాదం క్షీణించకముందే మళ్ళీ మీటడం తగిన ఉపాయాలు.

రెండవ ఇబ్బంది అయస్కాంత ఆకర్షణ. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా ఎత్తినప్పుడు అయస్కాంతం తీగను తనవైపు లాగి దాని సహజ కంపనాన్ని చెదరగొడుతుంది. ముఖ్యంగా మందమైన తీగలపై, పై మెట్లలో వాయించినప్పుడు, ఒకే స్వరంలో రెండు శ్రుతులు కలిసి వణుకుతున్నట్లు వినిపిస్తుంది. బిరడను ఎంత తిప్పినా ఈ వణుకు పోదు; పికప్ ఎత్తు తగ్గిస్తేనే పోతుంది.

5. ట్యూనర్ లెక్కించే తీరు:
మీటిన తీగ ఒకే స్వరాన్ని పలకదు. ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా పుడతాయి. ఆదర్శ తీగలో ఇవి సరిగ్గా పూర్ణాంక గుణిజాలు. నిజమైన ఉక్కు తీగకు బిరుసుదనం ఉంటుంది కనుక పై అనుస్వరాలు గుణిజాలకన్నా కొద్దిగా హెచ్చుగా ఉంటాయి. ట్యూనర్ ఈ సంకీర్ణ తరంగంలో పునరావృతమయ్యే కాలావధిని వెతికి, దాని నుండి పౌనఃపున్యాన్ని లెక్కిస్తుంది. అనుస్వరాలు ప్రాథమిక స్వరాన్ని మించి బలపడితే అది ఒక స్థాయి పైస్వరాన్ని చూపవచ్చు. లేదా రెండు విలువల మధ్య ఊగవచ్చు.

కాబట్టి ప్రాథమిక స్వరాన్ని బలపరచడం, అనుస్వరాలను తగ్గించడం వాదకుడు చేయవలసిన పని. ఇందుకు నాలుగు మార్గాలున్నాయి. గుర్రం దగ్గరి పికప్‌కు బదులు మెడ వైపు పికప్‌ను ఎంచుకోవాలి. అక్కడ ప్రాథమిక కంపనం విస్తారంగా ఉంటుంది. టోన్ మరను తగ్గించి, వాల్యూమ్‌ను పూర్తిగా పెంచాలి. గట్టి ప్లెక్ట్రమ్‌కు బదులు బొటనవేలి కండతో, గుర్రానికి దూరంగా మీటాలి. మిగిలిన అయిదు తీగలను అరచేతితో ఆపాలి. లేకుంటే అనునాదం వల్ల అవి కూడా పలికి లెక్కను కలుషితం చేస్తాయి. ఇంత చేసినా ఆరవ తీగ కుదరకపోతే 12వ మెట్టు మీద తీగను తేలికగా తాకి మీటాలి. అప్పుడు ప్రాథమిక స్వరం అణగి, దానికి రెండింతల పౌనఃపున్యం గల స్వచ్ఛమైన స్వరం వినిపిస్తుంది. దానిని ట్యూనర్ సులువుగా పట్టుకుంటుంది. ధ్వనిని వక్రీకరించే పెడళ్ళు, కోరస్ వంటి ప్రభావాలు ట్యూనర్‌కు ముందు ఉండరాదు. 1936లో కాన్ సంస్థ తెచ్చిన స్ట్రోబోకాన్ మొదలుకొని స్ట్రోబ్ జాతి ట్యూనర్లు ముల్లుకు బదులు కదిలే చారలను చూపుతాయి. చారలు నిలిచిపోతే శ్రుతి కుదిరినట్లు. సెంటులో భాగాలను సైతం వీటిలో గుర్తించవచ్చు.

6. వాద్యనిర్మాణంలోని స్థిరత:
కొలత సరిగా ఉన్నా తీగ నిలవకపోతే ప్రయోజనం లేదు. మెడ చివర తీగలు కూర్చునే గాళ్ళు గల పట్టీని నట్ అంటారు. గాడి ఇరుకైతే తీగ అందులో చిక్కుకుంటుంది. బిరడ తిప్పినప్పుడు పెరిగిన తన్యత గాడికి అవతలే ఆగి, వాయిస్తుండగా ఒక్కసారిగా ఇవతలికి జారుతుంది. శ్రుతి చేసిన రెండు నిమిషాలకే తీగ హెచ్చడమో తగ్గడమో చాలావరకు దీనివల్లనే. గాడిని శుభ్రపరచి పెన్సిల్ గ్రాఫైట్ రాయడం తేలికైన చికిత్స.

బిరడ పళ్ళచక్రాల్లో కొంత వదులు సహజంగా ఉంటుంది. అందుకే ఎప్పుడూ కింది శ్రుతి నుండి పైకి చేరాలి. హెచ్చయితే అవసరానికి మించి దించి, తిరిగి పైకి తేవాలి. అప్పుడు పళ్ళు ఒకే వైపు ఆనుకొని తీగ జారదు. కొత్త తీగలు బిరడ కడ్డీపై చుట్లు బిగుసుకునే వరకు దిగజారుతూనే ఉంటాయి. చేతితో మెల్లగా లాగి, శ్రుతి చేసి, మళ్ళీ లాగి, దిగడం ఆగేవరకు ఇలా చేయాలి. తుప్పు, చెమట పట్టిన పాత తీగల్లో బరువు పొడవునా సమంగా ఉండదు. వాటిపై ఏ ట్యూనరూ నిలకడైన విలువను చూపలేదు.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా తక్కువది కాదు. పైన చెప్పిన మొదటి తీగ ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే, మెడ మారలేదనుకుంటే, శ్రుతి సుమారు ఒకటిన్నర సెంట్లు దిగుతుంది. చల్లని గదిలో శ్రుతి చేసి పది డిగ్రీల వేడి ఎక్కువున్న వేదికపైకి తెస్తే దాదాపు 15 సెంట్లు తేడా వస్తుంది. వాద్యాన్ని వేదిక వాతావరణంలో కొంతసేపు ఉంచి, ఆ తరువాతే శ్రుతి చేయాలని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే. స్ప్రింగులపై తేలే గుర్రం ఉన్న వాద్యాల్లో ఒక తీగ బిగిస్తే గుర్రం వంగి మిగిలిన అయిదూ దిగుతాయి. అక్కడ ఆరు తీగలనూ మూడు నాలుగు విడతలు చుట్టిరావడం తప్పదు.

7. మెట్ల శుద్ధి:
విడి తీగ సరిగా పలికినా మెట్టుపై నొక్కినప్పుడు శ్రుతి తప్పవచ్చు. నొక్కడం వల్ల తీగ కొద్దిగా సాగడం, దాని బిరుసుదనం ఇందుకు కారణాలు. 12వ మెట్టు మీద తేలికగా తాకి పలికించిన స్వరాన్ని, అదే మెట్టుపై నొక్కి పలికించిన స్వరంతో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చయితే గుర్రం మీది శాడిల్‌ను వెనక్కు జరిపి తీగను పొడిగించాలి. తగ్గితే ముందుకు జరపాలి. 648 మిల్లీమీటర్ల వాద్యంలో ఒక సెంటు తేడాను సరిచేయడానికి సుమారు 0.37 మిల్లీమీటర్ల జరుపు కావాలి. జరిపిన ప్రతిసారీ విడి తీగను తిరిగి శ్రుతి చేసి పోల్చాలి. మన వీణలో మెట్లు మైనంలో అమర్చి ఉంటాయి కనుక మేళం కట్టేవారు మెట్టునే జరిపి శుద్ధి చేస్తారు. గిటార్‌లో మెట్లు స్థిరం కనుక తీగ చివరనే జరపవలసి వస్తుంది.

8. ట్యూనర్ చెప్పేది, చెవి కోరేది:
ఇంతవరకు ట్యూనర్ చూపే విలువే గమ్యమని భావించాం. ఆ గమ్యమే ప్రశ్నార్హమైన సందర్భాలు ఉన్నాయి. గిటార్ మెట్లు సమవిభక్త పద్ధతిలో ఉంటాయి. ఇందులో మధ్యమ అంతరం 500 సెంట్లు. సహజ నిష్పత్తి 4:3 ప్రకారం 498.04 సెంట్లు. తీగలను 5వ, 7వ మెట్ల మీది అనుస్వరాలతో పోల్చి శ్రుతి చేసే పద్ధతి ప్రచారంలో ఉంది. చెవికి విస్పందనాలు పూర్తిగా మాయమయ్యేలా ఆ పద్ధతిలో చేస్తే ఒక్కొక్క తీగకు దాదాపు 2 సెంట్ల చొప్పున తగ్గుతూ, ఆరవ తీగ నుండి మూడవ తీగకు వచ్చేసరికి దాదాపు 6 సెంట్లు తరుగు పడుతుంది.

గాంధార విషయంలో భేదం మరింత స్పష్టం. తంబురా నాదంలో తనంతట తాను వినిపించే అంతర గాంధారం షడ్జంతో 5:4 నిష్పత్తిలో, అంటే 386 సెంట్ల వద్ద ఉంటుంది. ట్యూనర్ కోరే గాంధారం 400 సెంట్ల వద్ద ఉంటుంది. కర్ణాటక సంగీతానికి అలవడిన చెవికి గిటార్ గాంధారం కాస్త హెచ్చుగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ చెవి తప్పు వినడం లేదు; ట్యూనర్ తప్పు చూపడం లేదు. రెండూ వేర్వేరు ప్రమాణాలను పాటిస్తున్నాయి. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకాలను పలికించిన తీరును గమనిస్తే, స్థిరమైన మెట్లున్న వాద్యంలోనూ తుది స్వరాన్ని వేలే నిర్ణయిస్తుందని స్పష్టమవుతుంది.

9. పరిశోధకులకు ఉపయోగం:
ఈ చర్చ వాదకులకే పరిమితం కాదు. తెలుగు ఉచ్చారణలోని కాకువును, స్వరోచ్చతను పరిశీలించే భాషాశాస్త్ర పరిశోధకులు ఉపయోగించే ప్రాట్ వంటి సాఫ్ట్‌వేర్ కూడా తరంగంలోని పునరావృత్తిని బట్టే ప్రాథమిక పౌనఃపున్యాన్ని లెక్కిస్తుంది. ఒక స్థాయి పైకో కిందికో పొరబడే ప్రమాదం దానికీ ఉంది. వక్త కంఠానికి తగిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితులను ముందుగా నిర్ణయించకపోతే వచ్చే గీత నమ్మదగినది కాదు. అలాగే తెలంగాణలో డక్కలి కళాకారుల కిన్నెర వంటి జానపద వాద్యాల శ్రుతిని నమోదు చేసేవారు ట్యూనర్‌లో కనిపించిన సంఖ్యను మాత్రమే రాస్తే చాలదు. ఎలా మీటారు, నాదం ఏ దశలో కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, విలువల మధ్య వ్యత్యాసం ఎంత అనే వివరాలు కూడా నమోదు కావాలి. ముఖ్యంగా సమవిభక్త స్వరాలకు తేడాగా ఉన్నంత మాత్రాన ఆ వాద్యం అపశ్రుతిలో ఉందని నిర్ణయించడం శాస్త్రీయం కాదు. ఆ కళాకారుడు తన చెవికి కుదుర్చుకున్న శ్రుతిని వేరొక సంప్రదాయపు కొలబద్దతో దోషంగా లెక్కగట్టడమవుతుంది.

10. ముగింపు:
ట్యూనర్ ముల్లు ఊగడానికి తీగ, మీటు, పికప్, విద్యుత్ రొద, బిరడ, నట్, ఉష్ణోగ్రత అన్నీ కారణాలే. ముందుగా ఆధారస్వరాన్ని సరిచూసి, వాద్యాన్ని పరిసరాలకు అలవరచి, మెడ పికప్‌తో, ఇతర తీగలను ఆపి, మృదువుగా ఒకే బలంతో మీటి, తొలిక్షణాన్ని వదిలి, కింది నుండి పైకి శ్రుతి చేర్చి, ఆరు తీగలనూ మరొకసారి సరిచూస్తే సాధారణ ట్యూనర్‌తోనే నమ్మదగిన ఫలితం లభిస్తుంది. పౌనఃపున్యం, తన్యత, అనుస్వరం, విస్పందనం వంటి భౌతికశాస్త్ర పదాలు, బిరడ, మెట్టు, గుర్రం, మీటు వంటి వైణికుల పదాలు కలిస్తే ఆధునిక విద్యుత్ వాద్యాన్ని సైతం తెలుగులో వివరించడానికి పెద్దగా కొరత ఉండదని కూడా ఈ పరిశీలన వల్ల తెలుస్తున్నది. నట్, పికప్, శాడిల్ వంటి కొద్ది పదాలనే యథాతథంగా స్వీకరించవలసి వచ్చింది. కళాశాలల్లో సంగీత, భౌతికశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి ఇటువంటి పదజాలాన్ని స్థిరపరిస్తే, తెలుగు మాధ్యమంలో చదువుకొని వాద్యం పట్టిన విద్యార్థికి తన చేతిలోని పరికరం ఏమి చెబుతున్నదో తన భాషలోనే తెలుస్తుంది.